మెదడు సంగతి ఎవ్వరూ చెప్పలే

మా ఆయన తాగలేదు. పుట్టినకాంచి ఒక్క చుక్క నోట్ల పోసుకోలేదు. ఈ మాట నేను కరెంటు ఆఫీసుల చెప్పిన, చర్చిల చెప్పిన, గల్లీల చెప్పిన. కూరగాయల బండి ఆమెకు గూడ చెప్పిన. పాపం ఆమె అడగనే లేదు, టమాటలు జోకుతుండె. అయినా చెప్పిన. నోటితోని చెప్తే వినేటోళ్లు సగంలనే "పోనీ అమ్మా" అంటరు. ఎందుకు పోనియ్యాలె? అందుకే కూసొని రాస్తున్న.

మాది బీదర్. అక్కడ చిద్రి అనే బస్తీల ఇల్లు. మా తాతల కాలం నుంచి ఇక్కడోళ్లమే. ఇంట్ల, చర్చిల తెలుగు మాట్లాడుకుంటం, ఆఫీసులల్ల కన్నడ, బజార్ల దక్కనీ ఉర్దూ. నేను ఒక ప్రైవేటు బడిల చిన్న పిల్లలకు లెక్కలు చెప్త. ఆయన కరెంటు లైన్‌మన్. జనవాడ దిక్కు ఉన్న స్తంభాలన్నీ ఆయనకు మనుషుల లెక్క తెలుసు. ఏది వానకు వంగింది, ఎవరి మోటరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తది, ఏ రైతు చీకటి పడంగనే దొంగ కరెంటుకు వైరు మీద కొక్కెం ఏస్తడు, అన్నీ నోటికే ఉండె. స్కూటర్ మీద ఎటన్న పోతుంటే నాకు స్తంభాలు చూపెట్టేటోడు. "ఇది నేను నాటిచ్చిందే" అని. కొత్తల నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత నేను గూడ స్తంభాలు చూసుడు షురూ చేసిన.

నలభై దాటంగనే ఆయనకు షుగర్ వచ్చింది. ఇంట్ల ఎవ్వరూ భయపడలే. మా చిన్నత్త, "షుగరే కదా, మా ఇంట్ల నలుగురికి ఉంది, హాయిగ తిరుగుతలేరా" అన్నది. ఆ "షుగరే కదా" అనే మాటను ఇప్పుడు ఎవరన్న అంటే నాకు ఒళ్లు మండుతది. చీమ కుట్టినట్టు చెప్తరు. సచ్చేదాంక లోపల కూసొని తినే రోగాన్ని జలుబు లెక్క మాట్లాడ్తరు.

మేము చూపిచ్చుకునే డాక్టరు గూడ అట్లనే. నెలనెలా పోతుంటిమి. ఆయన రిపోర్టు చూస్తడు, మా మొఖం చూడడు. "కంట్రోల్ ఉంచుకోవాలె" అంటడు, గోలీ పెంచుతడు, బెల్లు కొడ్తడు. వెనకాల మనిషి లోపటికి వస్తడు. కండ్లు చూపిచ్చుకోమన్నడు, కాళ్లకు పుండ్లు కాకుండ చూసుకోమన్నడు, కిడ్నీల పరీక్ష రాసిండు. అన్నీ చేయించినం. లైన్‌మన్ పని ఎట్లుంటది, పొద్దున గోలీ ఏసుకున్నంక మనిషి ఎప్పుడు తింటడు, తింటడా తినడా అని మాత్రం ఒక్కనాడు అడగలే. గాలివాన వస్తే ఫోన్ల మీద ఫోన్లు. గోలీ ఏసుకొని చాయ్ తాగి పోతడు, నేను కట్టిన రొట్టెలు స్కూటర్ డిక్కిల అట్లనే ఉంటయి. సాయంత్రం వచ్చేసరికి అంగి చెమటతోని పిండితే నీళ్లు కారేటట్టు ఉంటది, చేతులు వణుకుతుంటయి. "ఎండ" అంటడు. మేము గూడ ఎండే అనుకున్నం.

తర్వాత మరుపు షురూ అయింది. మొదలు చిన్న చిన్నయి. పానా అనబోయి "అదే, అది, తిప్పేది" అంటడు. టీవీల వార్త చెప్పి, చెయ్యి కడుక్కొని వచ్చి మళ్ల అదే వార్త చెప్తడు. ఒకనాడు ఇద్దరం స్కూటర్ మీద పోతున్నం. జనవాడ మలుపు కాడ బండి ఆపిండు. కాలు కింద పెట్టి అటు చూసిండు, ఇటు చూసిండు.

"ఏమైంది?" అన్న.

"ఇక్కడ ఎటు?" అన్నడు.

ఆయన కండ్లు మూసుకొని పోయే తొవ్వ అది. మర్నాడే బడికి సెలవు పెట్టి ఆయనను డాక్టరు కాడికి తీసుకపోయిన. "మర్చిపోతుండు సార్, తెలిసిన తొవ్వ అడుగుతుండు" అని చెప్పిన. డాక్టరు నవ్విండు. "వయసు అమ్మా. నాకు గూడ కండ్లద్దాలు ఎక్కడ పెట్టిన్నో యాదికుండదు" అన్నడు. అప్పటికి మా ఆయనకు యాభై మూడు. నేను కుర్చీల నుంచి లేవలే. "ఇది అట్లాంటి మరుపు కాదు సార్" అన్న. డాక్టరు బెల్లు కొట్టిండు.

ఆ బెల్లు చప్పుడు ఇప్పటికి గూడ నా చెవులల్ల ఉంది. నేను చెప్పిన. టైముకు చెప్పిన. విననోళ్లు విననోళ్లే.

ఆ వానకాలంలనే జరిగింది. రాత్రంత గాలి కొట్టింది, జనవాడ పొలాలల్ల వైర్లు తెగినయి. తెల్లారకముందే ఫోన్. ఆయన ఎప్పటిలెక్కనే గోలీ ఏసుకున్నడు, తినకుండ పోయిండు. ఆయనతోని ఇంకో లైన్‌మన్ పోయిండు. ఆయనకంటే కొంచెం చిన్నోడు, ఏండ్ల నుంచి కలిసి పని చేస్తున్నరు, నన్ను అక్కా అంటడు, నేను తమ్మీ అంట. తర్వాత జరిగింది నేను చూడలే. ఆ తమ్ముడు చెప్పిండు, ఆ చేను రైతు చెప్పిండు. ఇద్దరి మాట ఒక్కతీరుగనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక పెద్ద స్విచ్చు ఉంటది. దాని పిడి గుంజితే లైనుకు కరెంటు బంద్ అయితది, ఎత్తితే మళ్ల వస్తది. మా ఆయన పిడి గుంజి దాని కాడనే నిలబడ్డడు. తమ్ముడు స్తంభం ఎక్కిండు. మధ్యానం దాటింది. ఇద్దరూ అన్నం తినలే. తమ్ముడు ఇంక పైననే ఉండు, వైరు ముడేస్తుండు. రైతు వచ్చి, "కరెంటు ఎప్పుడొస్తది పటేలా, నారు ఎండుతాంది" అని మా ఆయనను అడిగిండు. "వచ్చె, ఇప్పుడే వచ్చె" అని మా ఆయన ఆ పిడి మీద చెయ్యేసిండు.

రైతు భార్య గట్టు మీద నుంచి ఒర్లింది, "పైన మనిషి ఉండు!" అని. రైతు ఉరికొచ్చి మా ఆయన చెయ్యి పట్టుకొని గుంజిండు. పిడి లేవలే. అంతే. ఆ ఇద్దరు అక్కడ లేకుంటే ఒక ఇల్లు కూలిపోతుండె.

తమ్ముడు కిందికి దిగి వచ్చి మా ఆయన చెంప మీద కొట్టిండు. "తాగినవా?" అన్నడు. మా ఆయనకు నోరు తిరుగుతలేదు. కాళ్లు తడబడుతున్నయి. ఒళ్లంత చెమట. అన్నీ తాగినోని గుర్తులే. ఆఫీసోళ్లు వచ్చి జీపుల ఏసుకొని దవాఖానకు కాదు, ఆఫీసుకు తీసుకపోయిండ్రు.

నేను బడిల ఉన్న. ఫోన్ వచ్చింది. ఎవరో గొంతు, "మీ ఆయన తాగి పడిపోయిండు, వచ్చి తీసుకపోండి" అన్నది. ఆటోల కూసున్న కాంచి నా మనసుల ఒక్కటే మాట, అబద్ధం, అబద్ధం.

ఆఫీసు వరండల మా ఆయన కింద కూసొని ఉండు. గోడకు తల ఆనిచ్చిండు. చుట్టూ జనం. ఆఫీసుల పనిచేసేటోడే ఒకడు మొబైల్ పట్టుకొని వీడియో తీస్తుండు. ఆఫీసరు దూరం నుంచే "కుడిదిద్దానె" అన్నడు కన్నడల, తాగిండు అని. నేను మా ఆయన కాడ మోకాళ్ల మీద కూసున్న. నోరు వాసన చూసిన. ఏ వాసన లేదు. చెయ్యి పట్టుకుంటే మంచు. వేళ్లు వణుకుతున్నయి. మా బడిల షుగర్ ఉన్న ఒక టీచరమ్మ చక్కెర తక్కువై ఇట్లనే పడిపోవుడు చూసిన నేను. లేచి ఎదురుంగ ఉన్న చాయ్ బండి కాడికి ఉరికిన. అడగకుండనే చక్కెర డబ్బ గుంజుకున్న. గ్లాసెడు నీళ్లల్ల ఇంత పోసి కలిపి, తల ఎత్తిపట్టి, "మింగుండ్రి, జర మింగుండ్రి" అనుకుంట గుటక గుటక తాపిచ్చిన.

వీడియో తీసేటోడు తీస్తనే ఉండు.

కొంచెం సేపటికి ఆయన కండ్లల్ల మనిషి వచ్చిండు. నన్ను చూసిండు. "నువ్వెందుకొచ్చినవ్? బడి లేదా?" అన్నడు. గొంతు సాఫ్‌గ ఉంది.

అప్పుడు నేను లేచి నిలబడి ఒర్రిన. ఏ భాషల ఒర్రిన్నో నాకే యాదికి లేదు, మూడు భాషలూ కలిసిపోయి ఉంటయి. "తాగినోడు చక్కెర నీళ్లు తాగితే లేస్తడా? మీల ఒక్కనికన్న షుగర్ లేదా? మీ ఇండ్లల్ల అవ్వయ్యలకు లేదా? మనిషి సచ్చేటట్టు ఉంటే ఫోటోలు తీస్తరా?" ఆఫీసరు, "అమ్మా, మెల్లగ మాట్లాడు, ఇది ఆఫీసు" అన్నడు. మెల్లగ! నేను ఇంకా గట్టిగ మాట్లాడిన.

అయినా ఏం లాభం. సాయంత్రానికి ఆ వీడియో ఊరంత తిరిగింది. నేను చక్కెర నీళ్లు తాపిచ్చింది అందుల లేదు. అంతకుముందు ముక్కనే కోసి పంపిండ్రు. మా బడి పిల్లల తల్లులు చూసిండ్రు. మా చర్చోళ్లు చూసిండ్రు. ఆయనను సస్పెండ్ చేసిండ్రు, డ్యూటీల తాగిండని.

ఆదివారం దాటినంక చర్చి సంఘ పెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చిండ్రు. చాయ్ పెట్టిన. ప్రార్థన చేసిండ్రు. తర్వాత అందుల పెద్దాయన గొంతు సవరించుకొని, "మీ ఆయన సంఘం ముందర తప్పు ఒప్పుకుంటే మంచిది. మూడు రోజులు ఉపాస ప్రార్థన పెడ్దం. దేవుడు క్షమిస్తడు" అన్నడు.

మా ఆయన తల వంచుకొని కూసున్నడు. ఆయనకు ఆ దినం జరిగింది సగం యాదికే లేదు. నలుగురు తాగినవ్ అంటే, తాగిన్నేమో అన్నట్టు మొఖం పెట్టిండు. దానికి నాకు అందరికంటె ఎక్కువ కోపం వచ్చింది. చేయని తప్పు ఒప్పుకునేటట్టు చేసిండ్రు ఆ మనిషిని.

"అన్నా," అన్న నేను, "ఉపాసం ఉంటే ఈయన సచ్చిపోతడు. అన్నం లేకనే ఆ దినం పడిపోయిండు. మీరు మూడు రోజులు అన్నం బంద్ పెట్టిస్తమంటరా?"

"విశ్వాసం ఉండాలె అమ్మా."

"నాకు ఉంది. అందుకే మిమ్మల్ని మర్యాదగ పొమ్మంటున్న."

వాళ్లు పోయిండ్రు. చాయ్ కప్పులు అట్లనే ఉన్నయి. మా ఆయన, "పెద్దోళ్లతోని అట్ల మాట్లాడ్తరా" అన్నడు. నేను కప్పులు కడుగుకుంట ఏడ్చిన. బాధతోని కాదు.

ఈ గుస్సాల నాకు ఎదురు నిలబడ్డ మనిషి ఒక్కతే. ఆ లైన్‌మన్ తమ్ముడి భార్య. మా ఇంటికి వచ్చి, గడపల నిలబడి, లోపటికి రమ్మన్నా రాలే. "అక్కా, నీ మొగనికి షుగరో, మరుపో, నాకు తెల్వదు. నా మొగడు స్తంభం మీద ఉండె. ఆయన బొగ్గైపోతే నువ్వు వచ్చి నాకు షుగర్ గురించి చెప్తుంటివా?" అన్నది. ఆమె కోపం నిజమైంది. నా కోపం గూడ నిజమైందే. రెండూ ఎదురుబొదురుగ నిలబడితే ఏది గెలుస్తది? ఆమె ఏడ్చుకుంట పోయింది.

ఆ తర్వాతనే ఎవరో చెప్తే ఇంకో దవాఖాన్ల ఒక డాక్టరమ్మకు చూపిచ్చినం. ఆమె ముందుగాల ఆయననే అడిగింది, ఏం పని చేస్తరు, పొద్దున ఎప్పుడు లేస్తరు, ఎప్పుడు తింటరు అని. ఎవ్వరూ అడగని ప్రశ్నలు. తర్వాత ఒక కాయితం ఇచ్చింది. దాని మీద చెల్లాచెదురుగ గుండ్రాలు, కొన్నిట్ల అంకెలు, కొన్నిట్ల అక్షరాలు. ఒకటి నుంచి మొదటి అక్షరానికి, అక్కడి నుంచి రెండుకు, అట్ల వరుసగ గీత గీసి కలుపమన్నది. మా బడిల పిల్లలు ఆటలెక్క చేస్తరు. ఊర్లకు ఊర్లు వైర్లతోని కలిపిన మనిషి మూడో గుండ్రం కాడ ఆగిపోయిండు. పెన్ను గాల్ల పట్టుకొని నా దిక్కు చూసిండు. నేను మొఖం తిప్పుకున్న, కిటికీ బయట చూసుకుంట నిలబడ్డ.

డాక్టరమ్మ కన్నడ, దక్కనీ కలిపి చెప్పింది. నాకు అర్థమైంది నా మాటలల్ల రాస్తున్న. మన ఒంట్ల ఒక్కొక్క కణం చక్కెరను కాల్చి బలం తీసుకుంటదట. నెత్తుర్ల చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువుంటే ఆ కాలుడు అదుపు తప్పుతది, లోపల మసి లెక్క ఖరాబు పేరుకుంటది. కణం దాన్ని ఎత్తిపోసుకోలేక అలిసిపోతది. అలిసి అలిసి కొన్ని పని తగ్గిస్తయి, కొన్ని సచ్చిపోతయి. మెదడుకు నెత్తురు మోసే సన్న నాళాలు గూడ గట్టిపడ్తయి. ఇంకోదిక్కు, గోలీ ఏసుకొని తినకుంటే చక్కెర ఒక్కసారి పడిపోతది, అప్పుడు మెదడు ఆకలితోని కొట్టుకుంటది. ఎక్కువైనా దెబ్బే, తక్కువైనా దెబ్బే. షుగర్ ఉన్నోళ్లందరికీ ఇట్ల కాదు, కానీ మరుపు వచ్చే భయం మిగిలినోళ్లకంటె ఎక్కువే అన్నది. ఈయనకు రెండు దెబ్బలూ పన్నెండేండ్ల నుంచి పడుతనే ఉన్నయి.

"కండ్లు అన్నరు, కాళ్లు అన్నరు, కిడ్నీలన్నరు," అన్న నేను. "మెదడు సంగతి ఎవ్వరూ ఎందుకు చెప్పలే?"

ఆమె తన పెన్ను బల్ల మీద పెట్టింది. "చెప్పాల్సి ఉండె" అన్నది.

పాపం, నిజం చెప్పింది ఆమె ఒక్కతే. నా గుస్సా ఆమె మీదనే పడ్డది. "పోయినంక చెప్తే ఏం చేసుకోవాలె మేడం?" అని గట్టిగనే అన్న. ఆమె కోపం చేసుకోలే. పాత గోలీ మార్చింది, కొత్తది రాసింది, ఇది ఆ తీరుగ చక్కెరను ఒక్కసారి పడగొట్టదని చెప్పింది. పోయింది అంతా తిరిగి రాదు, ఇంక పోకుండ ఆపుకుందం అన్నది. స్తంభం మాత్రం ఎక్కనియ్యొద్దు అన్నది.

ఆఫీసుల విచారణ పెట్టిండ్రు. నేను గూడ పోయిన. లోపట ఒక పెద్ద సారు, ఇద్దరు చిన్న సార్లు. డాక్టరమ్మ రోగం గురించి రాసిచ్చిన కాయితం ముందర పెట్టిన. "ఇది తర్వాత తెచ్చింది కదమ్మా, ఆ రోజు తాగలేదని ఎట్ల నమ్మాలె?" అన్నడు పెద్ద సారు. నేను మాట్లాడబోతుంటే వెనక నుంచి తమ్ముడు లేచిండు. వాళ్లు పిలిచిండ్రో, తానే వచ్చిండో నాకు తెల్వదు.

"సార్, తాగినవా అని మొదలు అడిగింది నేనే," అన్నడు. "భయంతోని అడిగిన, గుస్సాతోని కొట్టిన. ఆయన నోట్ల వాసన లేదు. నేను ఆయన కాడనే ఉన్న కదా, నాకు తెలుసు. తాగిండని ఊరంత అంటుంటే ఇన్ని దినాలు ఊకున్న, ఎందుకంటే నాకు గూడ మండుతుండె. పైన ఉన్నది నేను. కానీ తాగలేదు సార్."

చెప్పి కూసున్నడు. మా దిక్కు చూడలే. ఇంటికి రాలే. ఇప్పటికి గూడ రాడు. ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అంటడు, ఆగకుండ పోతడు. నేను తప్పు పట్టను. సావు అంచు దాంక పోయొచ్చిన మనిషి ఇష్టం అది.

సస్పెండ్ ఎత్తేసిండ్రు. తాగిండన్న మాట తప్పు అని ఎక్కడా రాయలే, ఎవ్వరూ మాఫీ అడగలే. ఆ వీడియో తీసినోడు వేరే ఊరికి బదిలీ అయిపోయిండు, దర్జాగ. మా ఆయనను ఫోన్ల కాడ కూసోబెట్టిండ్రు, కరెంటు పోయిందని జనం చేసే ఫోన్లు ఎత్తేటందుకు. మొదట్ల నాకు సంబురమైంది, నీడల కూసుంటడు, టైముకు తింటడు అని. కానీ కమఠాణ నుంచి ఫోన్ వస్తే జనవాడ అని చెప్పేటోడు. ఒకే ఇంటికి రెండుసార్లు మనుషులను పంపేటోడు. చుట్టూ కూసున్నోళ్లు నవ్వేటోళ్లు, కొందరు కసురుకునేటోళ్లు. ఇరవై ఏండ్లు వాళ్ల ఇండ్లల్ల కరెంటు బుగ్గలు ఎలిగిచ్చిన మనిషిని. ఒకనాడు వచ్చి చెప్పులు ఇప్పుకుంట, "నన్ను తీసేయమని చెప్తవా?" అన్నడు. నేను ఆయన నెత్తి మీద చెయ్యేసిన. రోగం పేరు మీద నౌకరి నుంచి ముందుగాలనే దిగిపోయిండు.

ఇప్పుడు ఎట్లుంది అంటే, మొన్నటికంటె బాగనే ఉంది. పడిపోవుడు లేదు. పొద్దున నేను బడికి పోయేముందు ఎదురుంగ కూసొని తినిపిచ్చే పోత. కొన్ని దినాలు అన్నీ బాగ మాట్లాడ్తడు, చర్చిల పాట మొత్తం చూడకుండ పాడ్తడు. కొన్ని దినాలు నా చెల్లె పేరు అడుగుతడు. సంఘ పెద్దాయన ఎదురైతే చెయ్యి కలుపుతడు. నేను కలుపను.

పోయిన నెల ఒక సాయంత్రం మా గల్లీల కరెంటు పోయింది. ఎదురింటోళ్లు అలవాటు కొద్ది, "అన్నా, జర చూస్తవా" అని పిలిచిండ్రు. ఈయన టార్చి తీసుకొని చెప్పులేసుకున్నడు. నేను తలుపు కాడ అడ్డం నిలబడ్డ.

"జరుగు" అన్నడు.

"పోవద్దు. వాళ్లు ఆఫీసుకు ఫోన్ చేస్తరు."

"ఒక్క ఫ్యూజు. నా చేతుల పని."

"ఇప్పుడు కాదు."

ఆయన గొంతు ఒక్కసారి లేచింది. "నేను పిచ్చోణ్నా? నీ బడి పిల్లగాన్నా? పోనియ్యవా?" ఇన్నేండ్లల్ల నా మీద అంత గట్టిగ ఎన్నడూ ఒర్లలే. గల్లీ అంత విన్నది. నేను గూడ ఒర్రిన. "మీరు పోతే నేను స్తంభం కాడ నిలబడి ఒర్లాలె, నాతోని కాదు!" అన్న. ఆయన టార్చి మంచం మీదికి విసిరిండు. చీకట్ల గోడ దిక్కు తిరిగి కూసున్నడు. నేను గడపల కూసున్న. ఎదురింటోళ్లు మెల్లగ తలుపేసుకున్నరు. ఆఫీసోళ్లు వచ్చి కరెంటు ఇచ్చేదాంక ఇద్దరం అట్లనే కూసున్నం.

తెల్లారి చాయ్ తీసుకపోయి ఇస్తే నా చేతుల నుంచి తీసుకోలే. "అక్కడ పెట్టు" అన్నడు, మొఖం అటు తిప్పుకొని.

నాకు అర్థం అయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. రాత్రి కొట్లాట ఆయనకు యాదికుంది. ఎందుకు కొట్లాడినమో గూడ యాదికుంది. నేను వంటింట్లకు వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్విన. నవ్వుకుంటనే మళ్ల ఒళ్లు మండింది, మొగడు అలిగితే సంబురపడే గతి తెచ్చినోళ్ల మీద.